ప్రొఫెషనల్ మహిళా బాస్కెట్‌బాల్ కెరీర్: మొదటి వీడియో నుంచి చివరి కాంట్రాక్టు దాకా

క్లబ్బు కోచ్ ఏజెంటుకు ఫోన్ చేసినప్పుడు "మంచి ప్లేయర్ ఎవరైనా ఉన్నారా" అని అడగరు. "పిక్ అండ్ రోల్ నడపగల గార్డ్ కావాలి, మూడు పాయింట్ల షాట్లు 35 శాతానికి తగ్గకుండా పడాలి, వారంలోగా రావాలి" అంటారు. (గార్డ్ అంటే బంతిని నడిపే ప్లేయర్. పిక్ అండ్ రోల్ అంటే సహచరి డిఫెండర్ దారికి అడ్డం నిలిచి, వెంటనే రింగు వైపు కదిలే ఆట.) క్లబ్బు డబ్బు పెట్టేది జట్టులో ఉన్న ఒక ఖాళీకి. ఆ ఖాళీలో మీరు ఇమిడితే ఉద్యోగం వస్తుంది, లేకపోతే మీకంటే తక్కువ ఆట ఉన్న అమ్మాయికి వస్తుంది. ఆ తర్వాత ఆ ఉద్యోగం ఎన్నేళ్లు నిలుస్తుందన్నది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: మీ మోకాళ్లు, మీరు సంతకం పెట్టే కాగితాలు. కోచింగ్‌లో ఈ రెండింటి గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఇక్కడ వాటికే ఎక్కువ చోటిస్తున్నాం.

ముందు మీ పని ఏదో తేల్చుకోండి

జూనియర్ స్థాయిలో ఎప్పుడూ జరిగే పొరపాటు ఒకటుంది. 180 సెంటీమీటర్ల ఎత్తున్న అమ్మాయిని కోచ్ రింగు కిందే నిలబెడతారు. జట్టు గెలుస్తుంది, అందరూ సంతోషిస్తారు. నాలుగేళ్ల తర్వాత అదే అమ్మాయి పై స్థాయికి వెళ్తే పోస్టులో (రింగు దగ్గరి చోటులో) 190 దాటినవాళ్లు ఎదురుపడతారు. బయటికొచ్చి వింగ్‌గా (కోర్టు పక్కల నుంచి ఆడే ప్లేయర్‌గా) ఆడదామంటే డ్రిబుల్ రాదు, దూరం నుంచి షాట్ లేదు. కాబట్టి 180 దగ్గర ఎత్తున్నవాళ్లు పదిహేను, పదహారేళ్లకే వింగ్ పని మొదలుపెట్టాలి. జట్టు మ్యాచ్‌లో పోస్ట్ ఆడించినా, సాధనలో సగం సమయం బయట గడపాలి. పొట్టిగా ఉన్న గార్డ్‌లకు అడ్డంకి ఇంకోటి: ఎదుటి జట్టు స్క్రీన్ పెట్టి (డిఫెండర్ దారికి అడ్డంగా నిలబడి), ఎత్తైన ప్లేయర్ ముందు మిమ్మల్నే నిలబెట్టాలని చూస్తుంది. బంతి మీద ఒత్తిడి పెట్టి ఆ స్క్రీన్ దగ్గర చిక్కుకోకుండా దాటడం వస్తేనే కోచ్ మిమ్మల్ని చివరి ఐదు నిమిషాల్లో కోర్టులో ఉంచుతారు.

షాట్ విషయంలో లెక్క తెలుసుకుని సాధన చేయండి. వంద మూడు పాయింట్ల షాట్లలో 35 పడితే 105 పాయింట్లు. రెండు పాయింట్ల షాట్లతో అన్ని పాయింట్లు రావాలంటే వందకు 52 లేదా 53 పడాలి. రింగుకు నాలుగైదు మీటర్ల దూరంలో డిఫెండర్ చెయ్యి అడ్డం పెట్టినప్పుడు అంత శాతం ఎవరికోగానీ రాదు. అందుకే క్లబ్బులు దూరపు షాట్ అడుగుతాయి. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) కొలతల్లో ఆ గీత రింగు మధ్య నుంచి 6.75 మీటర్లు, కార్నర్‌లో 6.60. ఫ్రీ త్రో గీత బోర్డు నుంచి 4.60. మహిళల బంతి సైజు 6, చుట్టుకొలత సుమారు 72, 73 సెంటీమీటర్లు. అబ్బాయిల సైజు 7 బంతితోనే రోజూ సాధన చేసేవాళ్లకు మ్యాచ్‌లో బంతి చేతిలో తేలికగా అనిపించి షాట్ రింగు దాటి పోతుంది. సాధన బంతి, మ్యాచ్ బంతి ఒకటే సైజుండాలి.

రెండు కార్నర్లు, రెండు వింగ్‌లు, ఎదురుగా మధ్యలో, ఇలా ఐదు చోట్ల నుంచి ఇరవై చొప్పున వంద వేయండి. ఎన్ని పడ్డాయో నోట్‌బుక్‌లో రాయండి. మరునాడు ప్రతి ఐదు షాట్లకూ ఒకసారి కోర్టు ఈ చివర నుంచి ఆ చివరకు పరిగెత్తి వచ్చి వేయండి. రెండు లెక్కల మధ్య తేడా పదిహేను దాటితే లోపం చేతిలో లేదు, కాళ్లలో ఉంది. తప్పిన బంతి కూడా కబురు చెబుతుంది. రింగు ముందు అంచుకు తగిలి పడుతుంటే కాళ్లు అలిసిపోయాయని అర్థం. కుడికో ఎడమకో పోతుంటే మోచెయ్యి పక్కకు జరుగుతోందని అర్థం. రెండో రకం లోపాన్ని రింగుకు రెండు మీటర్ల దూరంలో ఒంటిచేత్తో వేసి సరిచేసుకోవాలిగానీ, దూరం నుంచే ఇంకో రెండు వందలు వేస్తే తప్పు అలవాటుగా గట్టిపడుతుంది.

ఏ దారిలో వెళ్లాలి

ముఖ్యమైన దారులు మూడు. మొదటిది అమెరికా కాలేజీ. ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) మొదటి డివిజన్‌లో చేరాలంటే హైస్కూల్లో 16 కోర్ సబ్జెక్టులు, వాటిలో నాలుగు పాయింట్ల స్కేలు మీద కనీసం 2.3 గ్రేడ్ సగటు కావాలి. ఆట ఎంత బాగున్నా ఈ లెక్క తప్పితే తలుపు తెరుచుకోదు, కాబట్టి తొమ్మిదో తరగతి నుంచే సబ్జెక్టులు చూసుకుని ఎంచుకోవాలి. ఆ లోపు ఏ క్లబ్బుతోనైనా జీతం కాంట్రాక్టు మీద సంతకం పెట్టాలనుకుంటే, దానివల్ల కాలేజీ అర్హత పోతుందేమో ముందే కాలేజీ కంప్లయన్స్ ఆఫీసును (నిబంధనలు చూసే విభాగాన్ని) రాతపూర్వకంగా అడగండి. రెండోది క్లబ్బు అకాడమీ. యూరప్‌లో చాలామంది ఇలాగే వస్తారు, పదహారు పదిహేడేళ్లకే సీనియర్ల మధ్య సాధన చేస్తారు. పద్దెనిమిది నిండకముందు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి క్లబ్బు మారడాన్ని ఫీబా ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప ఒప్పుకోదు. "వచ్చెయ్, కాగితాలు తర్వాత చూద్దాం" అనే మాట ఈ వయసులో అసలు నమ్మకండి.

మూడోది త్రీ ఎక్స్ త్రీ, అంటే ఒకే రింగు మీద ముగ్గురేసి ఆడే ఆట. పది నిమిషాల ఆట, ముందు 21 పాయింట్లు చేసినవాళ్లదే గెలుపు, షాట్ క్లాక్ (షాట్ వేయడానికి గడువు) 12 సెకన్లు. టోక్యో నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ర్యాంకింగ్ పాయింట్లు ఒక్కో ప్లేయర్ పేరు మీద జమవుతాయి కాబట్టి పెద్ద క్లబ్బు అండ లేనివాళ్లకు పేరు తెచ్చుకునే మార్గం ఇది.

అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏ గురించి మాత్రం నిక్కచ్చిగా తెలుసుకోవాలి. 1997లో మొదటి సీజన్ ఆడిన ఈ లీగ్‌లో 2024లో 12 జట్లు ఉన్నాయి, జట్టుకు గరిష్ఠంగా 12 మంది. అంటే ప్రపంచం మొత్తానికి 144 చోట్లు. ఆ ఏడాది డ్రాఫ్ట్‌లో (కొత్త ప్లేయర్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే కార్యక్రమంలో) 36 మందిని ఎంచుకున్నారు. డ్రాఫ్ట్‌లో పేరు పిలవడం అంటే ట్రైనింగ్ క్యాంపుకు పిలుపు మాత్రమే, ఉద్యోగం కాదు. రెండు, మూడు రౌండ్లలో ఎంపికైనవాళ్లలో చాలామందిని సీజన్ మొదలవకముందే వదిలేస్తారు. 2025 నుంచి జట్ల సంఖ్య పెరుగుతోంది కాబట్టి చోట్లూ పెరుగుతున్నాయి, అయినా క్యాంపుకు వెళ్లేటప్పుడే యూరప్‌లోనో ఆస్ట్రేలియాలోనో చేరే క్లబ్బు గురించి ఏజెంటుతో మాట్లాడి ఉంచుకోవాలి. లీగుకూ ప్లేయర్ల సంఘానికీ కుదిరిన 2020 ఒప్పందం కింద 2024 డ్రాఫ్ట్‌లో మొదటి నాలుగు స్థానాల్లో ఎంపికైనవాళ్ల తొలి ఏడాది జీతం 76,535 డాలర్లు. అన్నేళ్లపాటు ప్లేయర్లు శీతాకాలంలో తుర్కియే, రష్యా, చైనా క్లబ్బులకు పరిగెత్తడానికి కారణం ఇదే.

వీడియో ఎలా తయారుచేయాలి

మూడు, నాలుగు నిమిషాల వీడియో ఒకటి, ఎడిట్ చేయని పూర్తి మ్యాచ్‌లు రెండు. ఇవి ఉంటే చాలు, కానీ మూడూ ఉండాలి. చిన్న వీడియో చూసి నచ్చితే కోచ్ వెంటనే అడిగేది పూర్తి మ్యాచ్‌నే. ఓడిన మ్యాచ్ ఒకటి ఇవ్వడానికి వెనకాడకండి. జట్టు పదిహేను పాయింట్లు వెనకబడినప్పుడు మీరు డిఫెన్స్‌కు పరిగెత్తుతున్నారా లేదా అన్నది అందులోనే కనిపిస్తుంది.

మొదటి తెర మీద పేరు, పుట్టిన సంవత్సరం, చెప్పుల్లేకుండా కొలిచిన ఎత్తు, పొజిషన్, పాస్‌పోర్టు ఉన్న దేశం, ఏజెంటు సంప్రదింపు వివరాలు రాయండి. ఎత్తు మూడు సెంటీమీటర్లు కలిపి రాస్తే క్లబ్బు డాక్టర్ దగ్గర మొదటి రోజే బయటపడుతుంది, ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటకూ విలువుండదు. పాస్‌పోర్టు దేశం ఎందుకంటే చాలా లీగ్‌లలో విదేశీయులకు పరిమితి ఉంది. యూరోపియన్ యూనియన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు అక్కడి లీగ్‌లలో ఆ కోటాలోకి రారు, అందువల్ల అంతే ఆట ఉన్నా వాళ్లకు గిరాకీ ఎక్కువ.

ప్రతి దృశ్యం మొదలయ్యే ముందు ఒక సెకను ఆపి మీ తల మీద బాణం గుర్తు పెట్టండి. షాట్ పడ్డ క్షణం దగ్గర కాకుండా, ఆ షాట్‌కు దారితీసిన కదలిక దగ్గర నుంచి కట్ చేయండి. మొదటి 30 సెకన్లలో మీ ప్రధాన పని కనిపించాలి. మధ్యలో డిఫెన్స్, స్క్రీన్, ఎడమచేతి పాస్ లాంటివి కనీసం నిమిషం ఉండాలి. సంగీతం వద్దు, స్లో మోషన్ వద్దు. కెమెరా మధ్య గీత దగ్గర ఎత్తు నుంచి పది మందినీ చూపించాలి. బంతి వెంటే తిరిగే దగ్గరి షాట్లలో కోచ్‌కు కావలసింది కనిపించదు.

ఏజెంటు, కాంట్రాక్టు

దేశాల మధ్య కాంట్రాక్టులు కుదిర్చే ఏజెంటుకు ఫీబా లైసెన్సు ఉండాలి. ముందు అది చూడండి. కమిషన్ ఎంత, క్లబ్బు ఇస్తుందా మీ జీతంలోంచి పోతుందా, ఒప్పందం ఎన్నాళ్లకు, ఎలా రద్దు చేసుకోవచ్చు, ఈ నాలుగూ కాగితం మీద ఉండాలి. సంతకం పెట్టడానికి "ముందుగా ఫీజు" అడిగే ఏజెంటు దగ్గర ఆగకండి.

ఇక కాంట్రాక్టు. కొత్త ప్లేయర్లు జీతం అంకె చూసి సంతకం పెట్టేస్తారు. అసలు చూడాల్సిన మొదటి వాక్యం వైద్య పరీక్షకు సంబంధించినది. సాధారణంగా "వైద్య పరీక్షలో ఉత్తీర్ణురాలైతే ఈ కాంట్రాక్టు అమల్లోకి వస్తుంది" అని ఉంటుంది. ఎప్పటిలోగా పరీక్ష చేయాలో అందులో ఉండకపోవచ్చు. ఏం జరుగుతుందో చూడండి. మీరు దిగుతారు, మర్నాడే సాధనకు పిలుస్తారు, పరీక్ష వారం తర్వాత అంటారు. నాలుగో రోజు చీలమండ బెణుకుతుంది. వారం తర్వాత డాక్టర్ "ఫిట్ కాదు" అని రాస్తారు. కాంట్రాక్టు ఇంకా మొదలే కాలేదు కాబట్టి క్లబ్బు మీకు రూపాయి బాకీ లేదు. దీనికి విరుగుడు రెండు వాక్యాలు: వచ్చిన 72 గంటల్లోగా, మొదటి సాధనకు ముందే పరీక్ష జరపాలి, ఆ గడువు దాటితే ఉత్తీర్ణురాలైనట్టే లెక్క. ఫలితం రాతపూర్వకంగా చేతికొచ్చేదాకా మొహమాటానికి పోయి కోర్టులోకి దిగకండి.

తర్వాత గ్యారంటీ. ఆట తగ్గిందని గానీ, గాయమైందని గానీ కాంట్రాక్టు రద్దు చేయకూడదన్న మాట స్పష్టంగా ఉండాలి. "ట్రయల్ పీరియడ్" అని ఉంటే అది గ్యారంటీ కాంట్రాక్టే కాదు. జీతం పన్ను పోగా చేతికొచ్చేదా, పన్నుకు ముందుదా అన్నది రాయించుకోండి. పన్ను పోగా అయితే, క్లబ్బు పన్ను కట్టినట్టు ధ్రువపత్రం ఇవ్వాలని కూడా చేర్చండి, లేదంటే రెండేళ్ల తర్వాత ఆ దేశపు పన్నుల శాఖ మిమ్మల్నే అడుగుతుంది. జీతం వాయిదాలు తేదీలతో సహా ఉండాలి. ఎనిమిది నెలల సీజన్‌కు మొదటి వాయిదా వచ్చిన కొద్దిరోజుల్లోనే, చివరిది సీజన్ ముగిసేలోపు పడేలా చూడండి. ప్లేఆఫ్‌కు జట్టు చేరకపోతే ఏప్రిల్ తర్వాత క్లబ్బు ఆఫీసులో ఫోన్ ఎత్తేవాళ్లు ఉండరు. ఇల్లు, రానుపోను విమాన టికెట్లు, ఆరోగ్య బీమా, ఆపరేషన్ అవసరమైతే ఖర్చెవరిది, గర్భం వస్తే జీతం సంగతేమిటి, ఇవన్నీ ఒక్కో వాక్యంగా ఉండాలి. డబ్ల్యూఎన్‌బీఏ 2020 ఒప్పందంలో ప్రసూతి సెలవుకు పూర్తి జీతం ఇచ్చేలా రాశారు. వేరే చోట్ల అది మీరు రాయించుకుంటేనే ఉంటుంది.

జీతం ఆలస్యం ఈ వృత్తిలో కొత్తేమీ కాదు. అందుకే ఒక మెట్ల వరుస రాయించాలి. పది రోజులు దాటితే వడ్డీ, ఇంకొన్ని రోజులు దాటితే సాధనకూ మ్యాచ్‌కూ రాకుండా ఉండే హక్కు, ముప్పై రోజులు దాటితే కాంట్రాక్టు రద్దు చేసుకుని మిగతా జీతం మొత్తం అడిగే హక్కు. చాలామంది ఇక్కడే చెడగొట్టుకుంటారు. కోపంతో బ్యాగు సర్దుకుని విమానం ఎక్కేస్తారు. ఆ క్షణం నుంచి కాంట్రాక్టు ఉల్లంఘించింది క్లబ్బు కాదు, మీరు. పద్ధతి ఇది: గడువు దాటిన మర్నాడే ఈమెయిల్, ఎంత బాకీయో తేదీతో సహా, బ్యాంకు స్టేట్‌మెంట్ దాచుకోవడం, కాంట్రాక్టులో ఆగే హక్కు వచ్చేదాకా ప్రతి సాధనకూ హాజరు, ఆ తర్వాత రాతపూర్వక నోటీసు, అప్పుడే ప్రయాణం. మేనేజర్ నోటిమాటగా "వచ్చే వారం తప్పకుండా" అంటే, "ఈరోజు మీరు ఇలా చెప్పారు" అని అదే సాయంత్రం మెయిల్ పెట్టండి.

వివాదాలు బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రైబ్యునల్‌కు వెళ్తాయన్న వాక్యం లేకుండా సంతకం పెట్టవద్దు. ఫీబా 2007లో మొదలుపెట్టిన ఈ వ్యవస్థకు జెనీవా కేంద్రం, విచారణ ఇంగ్లిష్‌లో, సాధారణంగా ఒక్కరే మధ్యవర్తి. తీర్పు ప్రకారం డబ్బు కట్టని క్లబ్బు కొత్త ప్లేయర్లను రిజిస్టర్ చేసుకోకుండా ఫీబా నిషేధించగలదు, అందుకే క్లబ్బులు భయపడతాయి. ఆ వాక్యం లేకపోతే పరాయి దేశపు కోర్టులో, తెలియని భాషలో ఏళ్లతరబడి తిరగాలి.

క్లబ్బుతో సంబంధం తెగినప్పుడు విడుదల పత్రం తీసుకోవడం మరచిపోవద్దు. ఇంకో దేశంలో ఆడాలంటే చివరిగా ఆడిన దేశపు ఫెడరేషన్ లెటర్ ఆఫ్ క్లియరెన్స్ ఇవ్వాలి. మీరింకా తమ కాంట్రాక్టులోనే ఉన్నారని పాత క్లబ్బు చెబితే అది ఆగిపోతుంది, కొత్త క్లబ్బు మీకోసం ఎంతో కాలం ఎదురుచూడదు.

మోకాలు

అమ్మాయిల్లో మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంటు తెగే ప్రమాదం అబ్బాయిలకంటే కొన్ని రెట్లు ఎక్కువ. చాలాసార్లు ఎవరూ గుద్దుకోకుండానే తెగుతుంది. రీబౌండ్‌కు (తప్పి తిరిగొచ్చే బంతికి) ఎగిరి ఒంటికాలి మీద దిగినప్పుడు, లేదా వేగంగా పరిగెత్తి ఒక్కసారిగా ఆగి దిశ మార్చినప్పుడు. ఆ క్షణంలో మోకాలు దాదాపు నిటారుగా ఉండి లోపలి వైపు ఒరుగుతుంది, పాదం బయటికి తిరిగి ఉంటుంది. లిగమెంటు మీద పడే మెలిక అదే.

మీది ఎలా ఉందో చూసుకోవడం తేలిక. 30 సెంటీమీటర్ల పెట్టె మీద నిలబడండి. ఎదురుగా, మోకాలి ఎత్తులో ఫోన్ పెట్టి రికార్డు చేయండి. ఎగరకుండా కిందికి అడుగు వేసి రెండు కాళ్ల మీద దిగి మూడు సెకన్లు కదలకుండా ఉండండి. వీడియోను నెమ్మదిగా చూడండి. మోకాలి చిప్ప పాదం రెండో వేలికి సూటిగా ఉందా, లోపలికి కుంగిందా? చప్పుడు ఎంత వచ్చింది? ధబ్బుమని శబ్దం వస్తే బరువు కండరాలు మోయడం లేదు, కీళ్లు మోస్తున్నాయి. పిరుదులు వెనక్కి, మోకాళ్లు వంచి, మడమలు చివర్లో తాకేలా దిగడం నేర్చుకోండి. ఐదేసి చొప్పున మూడు సెట్లు, వారానికి మూడుసార్లు. అది నిలకడగా వచ్చాకే ఒంటికాలి మీద, ఆ తర్వాతే బంతి పట్టుకుని, చివరగా ఎవరైనా భుజంతో కొద్దిగా తోస్తుండగా. దీంతోపాటు తొడ వెనక కండరాలకు నార్డిక్ వ్యాయామం (మోకాళ్ల మీద నిలబడి, మడమలు ఎవరైనా పట్టుకోగా నెమ్మదిగా ముందుకు వాలడం), తుంటి పక్క కండరాలకు బ్యాండ్‌తో పక్కనడక. మొత్తం 15, 20 నిమిషాల పని, దీన్నే వార్మప్‌గా మార్చుకుంటే వేరే సమయం అక్కర్లేదు. మ్యాచ్‌లు ఎక్కువైన వారాల్లో దీన్ని మానేస్తుంటారు. ఆ వారాల్లోనే ఇది ఎక్కువ అవసరం.

తెగి ఆపరేషన్ అయితే తొమ్మిది నెలలకు ముందు మ్యాచ్ ఆడవద్దు. నెలలు నిండడం ఒక్కటే చాలదు. తొడ ముందు కండరం బలం, ఒంటికాలి గెంతు దూరం రెండో కాలితో పోలిస్తే కనీసం 90 శాతం ఉండాలి. క్లబ్బు తొందరపెడితే ఈ కొలతల కాగితం చూపించండి.

తిండి, నెలసరి, డోపింగ్ పరీక్షలు

చేసే శ్రమకు తగినంత తినకపోతే మొదట దెబ్బతినేది నెలసరి. మూడు నెలలు రాకపోతే "ట్రైనింగ్‌లో మామూలే" అని ఊరుకోకుండా డాక్టర్‌ను కలవాలి, ఎందుకంటే తర్వాత వచ్చేవి ఎముకల్లో సన్నని పగుళ్లు. సీజన్ మొదట్లో హిమోగ్లోబిన్‌తోపాటు ఫెరిటిన్ (ఐరన్ నిల్వ) పరీక్ష కూడా చేయించండి. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఐరన్ నిల్వ అడుగంటినవాళ్లు నాలుగో క్వార్టర్‌లో కాళ్లు బరువెక్కుతున్నాయని చెబుతుంటారు.

టెస్టింగ్ పూల్‌లో (డోపింగ్ పరీక్షలకు ఎంచుకున్న ప్లేయర్ల జాబితాలో) మీ పేరు చేరితే రోజుకు ఒక 60 నిమిషాలు ఎక్కడ దొరుకుతారో ముందే నమోదు చేయాలి. పన్నెండు నెలల్లో మూడుసార్లు తప్పితే, మందు వాడకపోయినా నేరమే. విమానం మారినా, జట్టు హోటల్ మారినా ఆ రోజే సరిచేయండి, అలారం పెట్టుకోండి. దగ్గు మందు నుంచి ప్రొటీన్ పొడి దాకా మీరు మింగినదానికి మీరే బాధ్యులు. బ్యాచ్ పరీక్ష జరిగిన సప్లిమెంట్లే వాడి, ఆ డబ్బా ఫోటో తీసి ఉంచండి.

ఏడాదిని ఎలా పంచుకోవాలి

డబ్ల్యూఎన్‌బీఏ మే నుంచి అక్టోబర్ దాకా, యూరప్ లీగ్‌లు అక్టోబర్ నుంచి వసంతం దాకా. రెండూ ఆడితే శరీరానికి విశ్రాంతి నెల కూడా మిగలదు. 2015లో అమెరికా గార్డ్ డయానా టౌరాసీకి రష్యా క్లబ్బు యూఎంఎంసీ ఎకటెరిన్‌బర్గ్ డబ్బిచ్చి మరీ అమెరికా సీజన్ మాన్పించింది. 42 ఏళ్లు నిండాక, 2025లో ఆమె రిటైరయ్యారు. అలాంటి అవకాశం అందరికీ రాదు, కానీ ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది వారాలు బంతి ముట్టకుండా, బలం పెంచుకునే కాలం ఒకటి క్యాలెండర్‌లో ముందే గీసుకోవాలి. జాతీయ జట్టు క్యాంపు ఎప్పుడుందో చూసుకుని, దానికి విడుదల చేయాలన్న మాట కాంట్రాక్టులో రాయించుకోండి.

ముప్పై దాటాక ఒక్కో ఏడాది కాంట్రాక్టులే వస్తాయి. అప్పటికి కోచింగ్ లైసెన్సు మొదటి మెట్టు పూర్తయి ఉండాలి, ఎందుకంటే చివరి సీజన్‌లో క్లబ్బుతో జీతం బేరమాడేటప్పుడు "జూనియర్ జట్టుకూ పనిచేస్తాను" అని చెప్పగలిగితే అదే క్లబ్బులో తర్వాతి ఉద్యోగం దొరకవచ్చు. ఆడిన ప్రతి దేశం నుంచి పన్ను ధ్రువపత్రాలు, సామాజిక భద్రత చెల్లింపుల రికార్డులు, ఎంఆర్ఐ సీడీలు వెళ్లేముందే అడిగి తీసుకుని ఒకే ఫైల్లో ఉంచండి. చాలా క్లబ్బులు పదేళ్ల తర్వాత ఆ పేరుతో ఉండవు, కొన్ని దేశాల్లో ఆ చెల్లింపుల మీద మీకు పింఛను రావాల్సి ఉంటుంది.